అమ్మమ్మ చస్తేనే సెలవు

"ఏంట్రా, నాటకాలాడుతున్నావా?"

"అవునండీ. అందుకే సెలవు అడుగుతున్నా."

విజయవాడ ఆటోనగర్. లారీ బాడీలు కట్టే షెడ్డు. అడిగినవాడు వెల్డరు. పగలు చేతిలో వెల్డింగు రాడ్డు, రాత్రి ఒంటిమీద హరిశ్చంద్రుడి వేషం. పరిషత్తు పోటీలు దగ్గరపడ్డాయి. పద్యం గొంతులో కూర్చోవాలి. హార్మోనియంతో శ్రుతి కలవాలి. కాటి సీను పండాలి. 20 రోజులు కావాలన్నాడు. జీతం కోసుకోమని కూడా అన్నాడు పాపం. ఓనరుగారు షెడ్డు రేకులు లేచిపోయేలా నవ్వారు.

వెల్డరు చేసిన తప్పేమిటో తెలిసిందా? నిజం చెప్పడం! పక్కనున్న ఫిట్టరును చూసైనా నేర్చుకోవద్దూ? అతగాడి అమ్మమ్మ ఏడాదికి రెండుసార్లు పోతుంది. సంక్రాంతి పందేల ముందు ఒకసారి, అభిమాన హీరో సినిమా ముందు ఇంకోసారి. రెండుసార్లూ సెలవు దొరుకుతుంది. దారిఖర్చులకు అడ్వాన్సు కూడా. మన దగ్గర చావు కారణమే, పెళ్లి కారణమే, విరేచనాలూ కారణమే. ఇష్టం మాత్రం కారణం కాదు. ఇష్టముంటే అది పిచ్చి.

చట్టం లేదా అంటారా? ఎందుకు లేదూ, బ్రహ్మాండంగా ఉంది. 2025 నవంబరు దాకా నడిచిన 1948 ఫ్యాక్టరీల చట్టం ఏం చెప్పింది? ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాడికి ప్రతి 20 రోజులకు ఒక రోజు చొప్పున జీతంతో సెలవు ఇమ్మంది. వాడుకోనివి 30 రోజుల దాకా దాచుకోవచ్చంది. అమ్మమ్మ చావాలని అందులో ఎక్కడా రాయలేదు. చిన్న మెలిక ఒక్కటే. కరెంటుతో నడిచే చోట 10 మంది పనివాళ్లుంటేనే అది ఫ్యాక్టరీ అంది. అందుకే మన షెడ్డు మస్టర్లో మొదట్నుంచీ తొమ్మిదిమందే. మరి ఆ మిగతా పదిహేనుమంది ఎవరండీ? "మనవాళ్లేనండీ, ఊరికే వచ్చిపోతుంటారు!"

పైవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్‌గారి మాటలు బయటికొచ్చాయి. వారానికి 90 గంటలు పనిచెయ్యాలట. ఆదివారాలు ఇంట్లో కూర్చుని పెళ్లాం ముఖం ఎంతసేపు చూస్తారట. మావాడు పెళ్లాం ముఖం చూస్తానన్లేదు మహాప్రభో, స్టేజీ మీద చంద్రమతి ముఖం చూస్తానన్నాడు! దానికీ వీల్లేదా? ఆ జూన్‌లోనే ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజు పనిగంటల పరిమితిని 9 నుంచి 10కి పెంచే సవరణకు తలూపింది. ఇక పద్యం ఎప్పుడు పాడాలి? బస్సులో వేలాడుతూనా?

ఆ తలలూపినవాళ్ల హాజరు సంగతి చూద్దాం. రాజ్యాంగం 190వ అధికరణ ప్రకారం ఎమ్మెల్యే సభ అనుమతి లేకుండా 60 రోజులు రాకపోతే సీటు ఖాళీ అయిందని సభ ప్రకటించవచ్చు. ప్రకటించి తీరాలని లేదు. నాలుగు రోజులకు మించి వరసగా వాయిదా పడితే ఆ రోజులు లెక్కలోకే రావు. సభ జరిగే రోజులే వేళ్లమీద లెక్కపెట్టేలా ఉంటే ఆ అరవై ఎప్పటికి నిండేను? మన వెల్డరు మూడు రోజులు కనబడకపోతే నాలుగో రోజుకి అతని నల్లద్దం ఇంకొకడి మొహం ముందుంటుంది.

అన్నట్టు, ఓనరుగారికీ ఓ సరదా ఉంది. మధ్యాహ్నం రెండింటికి క్లబ్బుకెళ్తే మళ్లీ చీకటి పడ్డాకే దర్శనం. ఆయన పేకాడితే పరిచయాలు. వీడు పద్యం పాడితే పనిదొంగతనం!

ఇక ఏటా ఏప్రిల్ 16న కందుకూరి జయంతి. తెలుగు నాటకరంగ దినోత్సవం. దండలు, శాలువాలు, ఉపన్యాసాలు. పద్యనాటకం తెలుగువాడి సొత్తంటూ మైకులు పగిలేలా గర్జనలు. సొత్తే సరే, ఆడేవాడికి సెలవిచ్చేదెవరు?

పోటీల రోజు పొద్దున్నే ఓనరుగారికి ఫోనొచ్చింది. "అయ్యగారూ, మా అమ్మమ్మ పోయిందండీ." అయ్యో అన్నారు. మూడు రోజులు తీసుకోమన్నారు. ఓం శాంతి అని మెసేజీ కూడా పెట్టారు.

సాయంత్రం నాటకం. ముందు వరసలో శాలువా కప్పుకుని ముఖ్య అతిథి. చందా ఇచ్చిన దాత. ఎవరో వేరే చెప్పాలా? స్టేజీ మీద నక్షత్రకుడు హరిశ్చంద్రుణ్ణి పీక్కుతింటున్నాడు. ఒక్క అబద్ధమాడితే చాలు, బాధ తీరిపోతుందని ఊరిస్తున్నాడు. రంగు, గడ్డం, కిరీటం లేని జుట్టు చాటున వెల్డరు. ఎంతకీ ఆడనంటూ రాగం తీసి పద్యం ఎత్తుకున్నాడు.

ఓనరుగారి కళ్లు చెమర్చాయి. లేచి నిలబడి మరీ అరిచారు.

"వన్స్‌మోర్!"