నన్ను మింగి ఉంటే: ఒక డీఈసీ మాత్ర ఆత్మకథ

నేను డీఈసీ మాత్రను. పూర్తి పేరు డైఇథైల్‌కార్బమజీన్ సిట్రేట్. ఊళ్ళో అందరూ బోదకాలు మాత్ర అంటారు. తెల్లగా, గుండ్రంగా ఉంటాను. నాలో ఉన్న మందు 100 మిల్లీగ్రాములు. గోదావరి కాలువ పక్కన ఒక ఊళ్ళో, పెంకుటింటి గోడగూట్లో, పాత కరెంటు బిల్లుల కింద పడి ఉన్నాను. నాతో పాటు నాలాంటివి మరో రెండు, ఒక అల్బెండజోల్ మాత్ర ఉన్నాయి. మేం నాలుగూ కలిస్తే పెద్దవాళ్ళు ఒకరు ఏడాదికి ఒక్కసారి వేసుకోవలసిన మోతాదు. మమ్మల్ని ఈ ఇంటి యజమాని కోసం తెచ్చారు. ఆయన మమ్మల్ని మింగలేదు.

ఫ్యాక్టరీలో పొడి కలిపి, అచ్చులో వేసి నొక్కితే మాత్రనయ్యాను. అందులో గొప్పేమీ లేదు. గొప్పంతా మా వంశానిది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్ళారు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్ళిన అమెరికన్ సైనికులు వేలమంది బోదకాలు తెచ్చే ఫైలేరియా బారిన పడటంతో లెడర్లీ వాళ్ళు ఈ జబ్బుకు మందు వెతకడం మొదలుపెట్టారు. సుబ్బారావు గారి బృందం ఎన్నో రసాయనాలను ఫైలేరియా పురుగులున్న ఎలుకల మీద పరీక్షించి చివరికి మా మూలరూపాన్ని పట్టుకుంది. 1947లో హెట్రజాన్ అన్న పేరుతో మేం లోకానికి తెలిశాం. మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశారు. 1955లో మన దేశంలో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలై, ఆయన పుట్టిన నేల మీద మేం పనికి దిగేనాటికి ఆయన లేరు. ఆ పనే చెయ్యకుండా ఇలా గూట్లో పడి ఉండటం నాకు తీరని బాధ.

మా పని ఎలా సాగుతుందో చెబుతాను. పక్కింటివాళ్ళు మమ్మల్ని పంచిన రోజే అన్నం తిని మా తోటి మాత్రల్ని మింగారు. అవి కడుపులో కరిగి, పేగుల గోడల్లోంచి నెత్తురులోకి చేరాయి. పేగుల నుంచి వచ్చే నెత్తురు ముందు కాలేయానికి వెళుతుంది. అక్కడ మందులో కొంత రూపు మారుతుంది. మిగతాది గుండెకు చేరి, అక్కడి నుంచి ఒళ్ళంతా తిరుగుతుంది. మింగిన గంట, రెండు గంటల్లో నెత్తురులో మా పాళ్ళు గరిష్ఠానికి చేరతాయి. కొవ్వులోకి పెద్దగా వెళ్ళం, మిగతా అవయవాలన్నిటికీ ఇంచుమించు సమంగా అందుతాం. రెండు రోజుల్లో చాలావరకు మూత్రంలో వెళ్ళిపోతాం. మూత్రంలో ఆమ్లగుణం ఎక్కువైతే తొందరగా, క్షారగుణం ఎక్కువైతే నెమ్మదిగా.

ఒంట్లో ఉండే ఆ కొద్ది గంటల్లోనే మా పనంతా జరగాలి. మురుగునీళ్ళలో పెరిగే క్యూలెక్స్ దోమ కుట్టినప్పుడు ఫైలేరియా పురుగు మనిషిలోకి ప్రవేశిస్తుంది. పెద్ద పురుగులు శోషరస నాళాల్లో కాపురం పెట్టి, ఆరు నుంచి ఎనిమిదేళ్ళు బతుకుతూ, లక్షల కొద్దీ పిల్లపురుగుల్ని కంటాయి. వాటినే మైక్రోఫైలేరియా అంటారు. అవి పగలు ఊపిరితిత్తుల లోపలి నాళాల్లో దాక్కుని, దోమలు కుట్టే వేళకు, అంటే రాత్రి పది నుంచి రెండు గంటల మధ్య, చర్మం దగ్గరి నెత్తురులోకి వస్తాయి. అందుకే రక్తపరీక్ష చేసేవాళ్ళు అర్ధరాత్రి తలుపు తట్టి వేలి నుంచి చుక్క తీసుకుంటారు.

మా గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. గాజు పాత్రలో ఈ పిల్లపురుగుల్ని ఉంచి మమ్మల్ని కలిపితే అవి దాదాపు నిక్షేపంగా ఉంటాయి. అదే మనిషి నెత్తురులో అయితే నిమిషాల్లోనే వాటి సంఖ్య పడిపోవడం మొదలవుతుంది. మేం చేరగానే ఆ మనిషి సొంత రక్షణ కణాలు వాటిని గుర్తించి చుట్టుముడతాయి. కాలేయంలో చిక్కినవాటిని అక్కడి కణాలు మింగేస్తాయి. పురుగును చంపేది మేం ఒక్కళ్ళమే కాదు, మేమూ మీ ఒళ్ళూ కలిసి చంపుతాం. గూట్లో ఉన్న నాకు ఏ బలమూ లేదు. నా బలం సగం మీ నెత్తురులోనే ఉంది.

ఆ రోజు ఆశా కార్యకర్త మాత్రలు చేతిలో పెట్టి, "బాబాయ్, నా ముందే వేసుకోండి" అంది.

"ఇంకా టిఫినే కాలేదమ్మా. తిన్నాక వేసుకుంటాంలే, అక్కడ పెట్టి వెళ్ళు" అన్నాడాయన. పరగడుపున వేసుకోకూడదన్నది నిజమే. ఆమెకు ఇంకా చాలా ఇళ్ళు తిరగాల్సి ఉంది. పెట్టి వెళ్ళింది.

సాయంత్రానికి పక్కింటి కుర్రాడికి జ్వరం, తలనొప్పి వచ్చాయి. వీధిలో మాత్ర వికటించిందన్నారు. నిజానికి అతని నెత్తురులో పురుగులున్నాయి, అవి గుంపుగా చస్తుంటే ఒళ్ళు వేడెక్కింది. నెత్తురులో పురుగు లేనివాళ్ళకు మా వల్ల అంత ఇబ్బంది ఉండదు. ఆ జ్వరం మేం పని చేస్తున్నామన్న గుర్తు, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోయింది కూడా. కానీ ఆ మాట చెప్పేవాళ్ళు వీధిలో లేరు. ఈ ఇంటాయన మమ్మల్ని తీసి గూట్లో పడేశాడు. "ఇవి బోదకాలు మాత్రలు కదా, జబ్బు అమ్మకుంది గానీ మాకెందుకు?" అన్నాడు.

ఆయన తల్లికి ఎడమ కాలు మోకాలి దాకా వాచి, చర్మం మొద్దుబారి ఉంది. దెబ్బతిన్న ఆ నాళాల్ని నేను బాగు చెయ్యలేను. ఆమె కాలిని మామూలు కాలు చేసే శక్తి నాకు లేదు, ఆ శక్తి ఉందని అబద్ధం చెప్పను. ఆమె రోజూ సబ్బుతో కాలు కడిగి, వేళ్ళ సందుల్లో తడి లేకుండా తుడుచుకుంటుంది. జ్వరమూ పుళ్ళూ రాకుండా కాపాడేది ఆ శ్రద్ధే. నేను చెయ్యగలిగింది ఆమె కొడుకుకీ, మనవడికీ ఆ వంతు రాకుండా అడ్డుకోవడమే. నెత్తురులో పిల్లపురుగులున్నవాళ్ళు ఎంతోమంది పైకి నిక్షేపంగా తిరుగుతుంటారు. వాళ్ళను కుట్టిన దోమే రేపు మరొకరి కాలికీ, మరొకరి వరిబీజానికీ కారణమవుతుంది. నేను పుట్టింది ఆరోగ్యంగా కనబడేవాళ్ళ కోసం. ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరికీ తెలియక నేను మిగిలిపోయాను.

మాలో ఒకటి మింగి రెండు దాస్తే కూడా చాలదు. కిలో బరువుకు 6 మిల్లీగ్రాముల లెక్కన మోతాదు కట్టారు. రెండు నుంచి అయిదేళ్ళ పిల్లలకు ఒకటి, ఆరు నుంచి పద్నాలుగేళ్ళ వాళ్ళకు రెండు, పదిహేను నిండినవాళ్ళకు మూడు. రెండేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రంగా జబ్బుపడినవాళ్ళకు ఇవ్వరు. పెద్ద పురుగులన్నిటినీ మేం ఒక్క దెబ్బతో చంపలేం, బతికినవి మళ్ళీ కంటాయి. అందుకే ఏటేటా రావాలి. మొత్తం జనాభాలో కనీసం 65 శాతం మంది, వరసగా అయిదేళ్ళ పాటు మింగితేనే దోమకు అందే పురుగులు తగ్గి గొలుసు తెగుతుంది. ఇంటింటికీ పంచారా అన్నది అక్కడ లెక్కలోకి రాదు, గొంతు దిగినవే లెక్క.

గూట్లో పడి తేమ పీల్చి నా అంచులు మెత్తబడ్డాయి. గడువు కూడా దాటింది. ఇప్పుడెవరైనా దొరికింది కదా అని నన్ను నోట్లో వేసుకోవద్దు. నా అవకాశం పోయింది. నా తోబుట్టువులు మాత్రం వేరే చోట్ల గెలిచారు. చైనాలో మమ్మల్ని ఉప్పులో కూడా కలిపి ఇళ్ళకు చేర్చారు, 2007 నాటికి అక్కడ ఈ జబ్బు లేకుండా పోయింది. 2016లో శ్రీలంక, 2023లో బంగ్లాదేశ్ కూడా దీన్ని తరిమేసినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. మన దేశం పెట్టుకున్న గడువు 2027.

ఈ ఇంటి మనవడికి పదిహేనేళ్ళు నిండాయి. ఈసారి ఆశా కార్యకర్త వస్తే అతని చేతిలోనూ మూడు మాత్రలు పెడుతుంది. బాబూ, ఆమెను నిలబెట్టి, అన్నం తిని, ఆమె చూస్తుండగానే మింగు. మీ నాన్నను కూడా మింగమను. ఒకటి రెండు రోజులు ఒళ్ళు వెచ్చబడితే భయపడవద్దు. వీధిలో అందరూ అలా చేస్తే మా వంశానికి ఈ కాలువ గట్ల మీద పని లేకుండా పోతుంది. మందుగా పుట్టినదానికి అంతకన్నా కోరదగింది లేదు.