కిరాణా కొట్టువారి కాలజ్ఞానం

ఉద్యోగమైతే ఒకడి కింద పడి ఉండాలి, సొంత కొట్టయితే ఇష్టమొచ్చినప్పుడు తీస్తాం, ఇష్టమొచ్చినప్పుడు మూస్తాం అని చెప్పి పిల్లనిచ్చేవాళ్లను ఒప్పించిన కిరాణా వ్యాపారులందరి కోసం ఈ నాలుగు మాటలు. టైము ఎలా మిగుల్చుకోవాలో, ఒళ్లు ఎలా కాపాడుకోవాలో చెప్పే పుస్తకాలు బస్టాండు బుక్‌స్టాలు నిండా ఉన్నాయి. వాటిని రాసినవాళ్లు ఎవరూ తెల్లవారుజామున పాల ట్రేలు దింపుకున్నట్టు కనపడదు. ఆ లోటు ఇక్కడ తీరుద్దాం.

పొద్దున్నే లేచి మనకోసం మనం ఒక గంట ఉంచుకోవాలని ఆ పుస్తకాలన్నీ మూకుమ్మడిగా చెబుతాయి. ఉంచుకోండి, ఎవరొద్దన్నారు? పాల వ్యాను నాలుగున్నరకు వస్తుంది కాబట్టి మూడున్నరకు లేవండి. పడుకునేసరికి పదకొండున్నర అయింది కదా అంటే, మధ్యలో నాలుగు గంటలు ఏమైనట్టు? మధ్యాహ్నం భోంచేశాక ఎలాగూ ఇంటావిడ గల్లా దగ్గర కూర్చుంటుంది, మీరు వెనక బియ్యం బస్తాల మీద ఓ రెండు గంటలు వాలుతారు. మొత్తం ఆరు. చాలామంది పెద్ద పెద్ద కంపెనీల వాళ్లు ఇంతే పడుకుంటామని గొప్పగా చెప్పుకుంటారు. వాళ్ల బస్తాలు వేరు, అంతే.

షట్టరు సంగతి తెలియనివాడు కొట్టు పెట్టకూడదు. షట్టరు పూర్తిగా ఎత్తొచ్చు, సగం దించొచ్చు, పూర్తిగా దించొచ్చు. ఈ ఆఖరుది పక్కన పెట్టేయండి, అది కర్ఫ్యూలకీ చావులకీ. మన బతుకంతా సగం షట్టరు మీదే. రాత్రి పదింటికి సగం దించి, లోపల లైటు వేసుకుని, గల్లాపెట్టెలో నోట్లు సర్దుతుంటారు. షట్టరు కింద ముందు రెండు చెప్పులు కనిపిస్తాయి. తరవాత చీర కుచ్చిళ్లు. ఆ తరవాత వంగిన తల.

"బాబాయ్‌గారూ, మూసేశారా?"

"మూసేశానమ్మా."

"అయితే ఒక్క శనగపిండి పాకెట్టు ఇచ్చెయ్యండి."

ఇవ్వండి. ఇచ్చాక ఆ అమ్మాయికి వాము గుర్తొస్తుంది. వాము తూచి పొట్లం కట్టేలోపు, ఇంట్లో నూనె ఉందో లేదో అత్తగారికి ఫోన్ చేసి అడుగుతుంది. అత్తగారు సీరియల్లో ఉంటారు, ఎత్తరు. మళ్లీ చేస్తుంది. ఈలోగా సగం షట్టరు కింద ఇంకో జత చెప్పులు వచ్చి నిలబడతాయి, వెలుగుంటే రావచ్చనుకున్నా అంటూ. చివరికి తేలిందేమిటంటే నూనె ఉంది, డబ్బులు తేలేదు, పొద్దున పిల్లాడితో పంపిస్తుంది. దీన్నే వ్యాపారంలో సంబంధాలు పెంచుకోవడం అంటారు. "లేదమ్మా, పొద్దున రా" అనే మాట నోటి దాకా వస్తే ఒక గ్లాసు మంచినీళ్లు తాగి దాన్ని దించేసుకోండి.

1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఒకటి ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దానిదే రాజ్యం. కొట్లో పెట్టుకున్న మనిషితో వారానికి 48 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికో రోజు సెలవివ్వాలి అంటుంది. మంచి చట్టం. కుర్రాడి విషయంలో తు.చ. తప్పకుండా పాటించండి. మీ విషయంలో దానికి బెంగ లేదు. మధ్యాహ్నం కునుకు తీసేస్తే రోజుకు పదహారు గంటలు వేసుకున్నా, బుధవారం రాత్రికల్లా మీకు 48 నిండిపోతాయి. గురువారం నుంచి ఆదివారం దాకా చేసేది సరదా కింద లెక్క.

లెక్క అన్నాను గనక, ఒక లెక్క ఎప్పుడూ వేయొద్దని ముందే హెచ్చరిస్తున్నాను. ఎలా వేయకూడదో తెలియాలి కాబట్టి చూపిస్తున్నాను. సరుకు డబ్బులు, కరెంటు, కుర్రాడి జీతం పోగా నెలకు ముప్పై వేలు మిగిలాయనుకోండి. మీవి నెలకు 480 గంటలు. మధ్యాహ్నం గల్లా దగ్గర, రాత్రి టీవీ ముందు కూర్చుని మినప్పప్పు అరకిలో కవర్లలో నింపి కొవ్వొత్తి సెగకు మూతి అతికించే ఇంటావిడవి రోజుకు అయిదు వేసినా 150. మొత్తం 630. గంటకు 47 రూపాయల చిల్లర పడింది. కుర్రాడికి ఇచ్చేది పన్నెండు వేలు. రోజుకు ఎనిమిది గంటలు, ఆదివారం సెలవు. వాడికి గంటకు 57 పైచిలుకు. అంటే కొట్లో ముగ్గురు పనిచేస్తుంటే అందరికన్నా ఎక్కువ కూలి వాడిదే. కొట్టు సొంత ఇంట్లోనే ఉంటే, ఆ గది అద్దెకిస్తే వచ్చేదాన్ని కూడా ఆ ముప్పైలోంచి తీసెయ్యాలని ఎవరైనా అర్థశాస్త్రం చదివిన బావమరిది అంటాడు. అతనికి టీ ఇచ్చి పంపించండి. ఇంటావిడ గంటలు లెక్కలోకి తెస్తే ఆవిడ జీతం కూడా ఖాతా పుస్తకంలో రాయాల్సి వస్తుంది. ఊళ్లో అందరి బాకీలూ ఉన్న పుస్తకంలో ఆవిడ పేరు మీద ఒక పేజీ కూడా లేదని ఎవరికీ తట్టకుండా ఇన్నేళ్లు నడిచింది. ఇలాగే నడవనివ్వండి.

ఇక ఖాతాల సంగతి. "నేడు నగదు, రేపు అరువు" అన్న బోర్డు గల్లా పైన లక్ష్మీదేవి పటం పక్కనే ఉంచండి. దాని కిందే నిలబడి అరువు రాయించుకుంటారు, అందుకు బోర్డు అడ్డం రాదు. వసూలుకు వెళ్లడం ఒక కళ. బాకీ ఉన్నవాడు వీధి చివర కనిపిస్తే మొహం చాటేయాల్సింది మీరు. అతను నొచ్చుకుంటే పై నెల సూపర్ మార్కెట్టుకు నగదు పట్టుకుని వెళ్తాడు, మీ దగ్గరికి మళ్లీ అరువుకే వస్తాడు.

చిల్లరకు రోజుకో అరగంట విడిగా కేటాయించండి. పది రూపాయల బిళ్లలు అప్పటికి 14 నమూనాల్లో వచ్చాయని, అన్నీ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018లోనే చెప్పింది. అయినా మన వీధిలో చెల్లవు. మీరు ఇస్తే వాళ్లు తీసుకోరు, వాళ్లు తెస్తే మాత్రం మీరు తీసుకోవాలి. రిజర్వ్ బ్యాంకు ప్రకటన కాగితం గోడకు అతికించి చూపించేవాళ్లూ ఉన్నారు. అది చదివి, "నిజమే బాబాయ్, నోటు ఉంటే ఇవ్వండి" అంటారు.

ఈ బాధ తప్పుతుందనే యూపీఐ పెట్టుకున్నాం. స్కానింగ్ బోర్డుతోపాటు ఓ సౌండ్ బాక్సు ఇచ్చారు. ఎవరు ఎంత వేశారో వీధికంతటికీ వినపడేలా చదువుతుంది. వెనకటికి షావుకారు ఆదాయం దేవుడికి, షావుకారుకి మాత్రమే తెలిసేది. ఇప్పుడు వినాయక చవితి చందాకొచ్చిన కుర్రాళ్లు ఓ పక్కగా నిలబడి పావుగంట వింటారు. "అంకుల్, మేం ఉన్నంతలోనే పద్దెనిమిది వందలొచ్చాయి, మీరు నూటపదహార్లు రాస్తే ఏం బాగుంటుంది?" అంటారు. అందులో మిగిలేది ఎంతో బాక్సు చదవదు. చదివే బాక్సు వస్తే నేనే ముందు కొంటాను. 2025 జులైలో బెంగళూరులో చిన్న కొట్లవాళ్లకు యూపీఐ లెక్కలు చూసి పన్ను నోటీసులు వెళ్లాక, అక్కడ చాలామంది "నగదు మాత్రమే" అని కాగితాలు అంటించారు. మళ్లీ పది రూపాయల బిళ్లకే చేరారన్నమాట.

జీఎస్టీ 2017 జులై 1న వచ్చింది. నెలకు రెండు తేదీలు గుర్తుంటే చాలు: పదకొండు, ఇరవై. పదకొండున అమ్మకాల రిటర్ను, ఇరవైన పన్ను కట్టే రిటర్ను. ఆలస్యమైతే రోజుకు యాభై. అందుకని బిల్లులన్నీ నెలంతా ఓ గోనెసంచిలో వేస్తూ ఉండండి. పంతొమ్మిదో తేదీ రాత్రి ఆడిటరు గారు ఫోన్ చేసినప్పుడు సంచి కింద కుమ్మరించి, ఏది కొనుగోలో ఏది ఎలక దానమో ఏరుకోవచ్చు. రోజుకు పది నిమిషాలు రాసుకుంటే అయిపోయేదానికి ఒక రాత్రంతా పెడితేనే ఏదో సాధించినట్టుంటుంది.

రేట్లు మారిన రోజైతే చెప్పక్కర్లేదు. 2025 సెప్టెంబర్ 22న ఒంటి సబ్బులు, టూత్‌పేస్టు, షాంపూ 18 శాతం నుంచి 5 శాతానికి దిగాయి. టీవీ చూసి ఊరంతా వచ్చింది. సరుకు మీద పాత ఎమ్మార్పీ, చేతిలో పాత బిల్లు, ఎదురుగా కొత్త ప్రశ్న. దేశ ఆర్థిక మంత్రి తరఫున ఆ రోజంతా మీరే జవాబులు చెప్పారు. మధ్యాహ్నం అన్నం సాయంత్రం తిన్నారు. ఆ వారం ఎవరైనా సబ్బు కొనకుండా వెళ్లారేమో గానీ, అభిప్రాయం చెప్పకుండా వెళ్లలేదు.

తిండి మాట వచ్చింది కాబట్టి ఆరోగ్యం. సమతులాహారం అని డాక్టర్లు అంటారు. కిరాణా ఇంట్లో దానికి వేరే పద్ధతుంది. ఊరికి మంచి సరుకు, ఇంటికి మిగిలిన సరుకు. బిస్కెట్ల పెట్టెలో తేదీ దగ్గరపడ్డవి పిల్లల స్కూలు బాక్సులోకి. పురుగు తగిలిన కందిపప్పు ఎండలో పోసి, చెరిగి, మన పప్పుచారులోకి. ఎలక ఓ మూల కొరికిన బెల్లం దిమ్మలో ఆ మూల కోసేసి, తక్కినది మన పరమాన్నంలోకి. ఏజెన్సీవాడు అంటగట్టిన కొత్త రకం నూడుల్స్ ఎవరూ కొనకపోతే మూడు వారాల పాటు ఆదివారం టిఫిన్ అవే. పిల్లలు "నాన్నా, మనం ఎప్పుడూ కొత్త పాకెట్టు తినమా?" అని అడుగుతారు. వాళ్లకి వ్యాపారం ఇంకా వంటబట్టలేదు. మీకు మాత్రం గల్లా పక్కన విప్పి ఉంచిన మిక్చరు, గంటకో టీ. కూర్చునే తీరిక లేదు గనక కాళ్లలో నరాలు ఉబ్బుతాయి, లేచే తీరిక లేదు గనక నడుం పట్టేస్తుంది. రెండూ ఒకే మనిషికి ఎలా వస్తాయని డాక్టరు ఆశ్చర్యపోతాడు. ఆయన ఎప్పుడూ గల్లా దగ్గర నిలబడలేదు.

షుగరు పరీక్ష తొందరేం లేదు. 2023లో ఐసీఎంఆర్ వాళ్ల పెద్ద సర్వేలో మన దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని తేలింది, ఆ జనంలో మీరు ఒంటరివాళ్లు కారు. ల్యాబువాడు పరగడుపున రమ్మంటాడు. పరగడుపునే పాలు, బ్రెడ్డు, ఇడ్లీ రవ్వ బేరం. అమావాస్య అమావాస్యకీ గుమ్మం ముందు గుమ్మడికాయ కొట్టడానికి డబ్బూ టైమూ రెండూ దొరుకుతాయి. ఇరుగుపొరుగు దిష్టి తగలకుండా ఉంటే తక్కినవన్నీ అవే సర్దుకుంటాయి.

ముసలితనం గురించి కూడా ప్రభుత్వం ఆలోచించింది. చిన్న వ్యాపారుల పింఛను పథకం 2019లో వచ్చింది. పద్దెనిమిది నుంచి నలభై ఏళ్ల లోపు చేరాలి, వయసును బట్టి నెలకు 55 నుంచి 200 రూపాయలు కట్టాలి, అరవై నిండాక నెలకు 3,000 వస్తాయి. ఫారం నింపడానికి ఓ పూట చాలు. ఆ పూట మీకు నలభై ఒకటో ఏట దొరుకుతుంది.

అయినా అసలు విశ్రాంతి లేకుండా ఎలా అంటారా? దానికి తిరుమల ఉంది. 300 రూపాయల ప్రత్యేక దర్శనం టికెట్టు మాత్రం తీసుకోకండి, అది తొందరగా అయిపోతుంది. సర్వదర్శనంలో నిలబడండి, అందులోనూ రద్దీ రోజు చూసుకుని. ఫోను ముందే తీసుకుంటారు. కంపార్టుమెంటులో కూర్చోబెట్టి గేటు వేస్తారు. కందిపప్పు రేటు అడగడానికి ఎవరూ ఫోన్ చెయ్యలేరు, సగం షట్టరు కింద నుంచి ఎవరూ తల దూర్చలేరు. వేళకు వేడివేడి ఉప్మానో సాంబారన్నమో ఎవరో తెచ్చి చేతికిస్తారు. పాలు పోస్తారు, ఆ పాల ట్రేలు మీరు దింపక్కర్లేదు. ఇంటావిడ పక్కనే కూర్చుని ఉంటుంది, చేతిలో కవర్లూ కొవ్వొత్తీ లేకుండా. ఏం మాట్లాడుకోవాలో మొదటి గంట ఇద్దరికీ తోచదు.

రెండో గంటలో వెనక వరసలో ఒకాయన నంద్యాల నుంచి వచ్చానంటాడు. ఏం చేస్తుంటారండీ అని అడుగుతారు. కిరాణా కొట్టండీ అంటాడు. మీరు కుర్చీ అతని వైపు తిప్పుకోబోతారు, అవి నేలకు బిగించిన బెంచీలు కాబట్టి మీరే తిరుగుతారు. ఇక గేటు తీసేదాకా మినప్పప్పు మీ ఊళ్లో ఎంతుందో వాళ్ల ఊళ్లో ఎంతుందో మాట్లాడుకోవచ్చు.