గేమ్‌ప్యాడ్ పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

కుడికి తోయ బండి గుంతలోఁ బడుచుండు
దూకుమనిన నాగి తూగుచుండు
పాత పీసి చూచి ప్యాడును మరియేదొ
యనుచుఁ దలఁచె నేమి యనఁగవచ్చు

ప్రతిపదార్థం

కుడికిన్ తోయన్ = కుడి బొటనవేలి కింది స్టిక్కును పక్కకు నెట్టగా; గుంతలోన్ = తెర మీది గుంతలో (హిందూపురం వీధుల గుంతలు ఇక్కడ వివక్షితం కావు); పాత పీసి = విండోస్ 7తో ఇంకా నెట్టుకొస్తున్న కంప్యూటరు; మరియేదొ = 'జెనరిక్ యూఎస్‌బీ జాయ్‌స్టిక్' అని; ఏమి యనఁగవచ్చు = ఇంట్లో పెద్దవాళ్లు వింటుండగా అనదగిన మాటేదీ లేదని భావం.

తాత్పర్యం

ప్యాడు కొత్తది, కంప్యూటరు పాతది, ఆట తలకిందులు.

విశేషాలు

'బండి' అంటే మోటారుసైకిలని హిందూపురం వ్యాఖ్యాతలు. కారని పెనుకొండవారు, పక్కనే ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతుంటే వారితో వాదం పెట్టుకోలేం. మాకూ కారే సమ్మతం, గుంతలో పడటానికి హేతువు యాక్సిలరేటరులోనే ఉంది గనుక. డైరెక్ట్‌ఇన్‌పుట్ అనే పాత పద్ధతిలో ఎక్స్‌బాక్స్ 360 ప్యాడులో వేగానికీ బ్రేకుకూ నొక్కే ట్రిగ్గర్లు రెండూ 'జెడ్' అనే ఒకే అక్షం మీద సర్దుకుంటాయి. చౌక ప్యాడుల్లో చాలావాటికి ఆ చోట కుడి స్టిక్కు ఉంటుంది. ఆటకు అది తెలియదు. పక్కకు తొంగి చూద్దామని పిల్లవాడు స్టిక్కు నెడతాడు, ఒకవైపైతే వేగం, రెండోవైపైతే బ్రేకు!

ఇక అలంకారం. 'మరియేదొ యనుచుఁ దలఁచె' అన్నాడు కదా, భ్రాంతిమదలంకారం అని తొందరపడేవారున్నారు. ఒకదాన్ని చూసి పోలిక వల్ల మరొకటనుకుంటేనే భ్రాంతి. కంప్యూటరు ప్యాడును చూడనే లేదు. యూఎస్‌బీలో గుచ్చగానే ప్యాడే తన గురించి రెండు సంఖ్యలు చెప్పుకుంటుంది: తయారీదారుది ఒకటి, సరుకుది ఒకటి. 0079, 0006 అనే జతనే ఎన్నో రకాల చౌక ప్యాడులు చెబుతాయి, వాటి మీటల వరస వేరువేరైనా సరే. కంప్యూటరు విన్నదాన్నే నమ్ముతుంది. ధర్మవరం నేతవారికి ఇది విప్పి చెప్పనక్కర్లేదు: జకార్డుకు వేరే డిజైను అట్టలు తగిలిస్తే అంచులో మామిడిపిందెకు బదులు హంస దిగుతుంది, దానికి మగ్గాన్ని ఎవరూ తిట్టరు. కాబట్టి మూలంలో 'చూచి' అన్న ప్రయోగం చింత్యం.

పరిహారం

రన్‌లో జాయ్ డాట్ సీపీఎల్ అని కొట్టి, ఏ మీటకు ఏ దీపం వెలుగుతుందో ముందు చూసుకోవాలి. ప్యాడు వెనక ఎక్స్, డీ అనే స్విచ్చుంటే (లాజిటెక్ ఎఫ్310కు ఉంది) ఎక్స్ వైపు జరపాలి. స్విచ్చు లేనివాటిలో కొన్నింటికి మోడ్ బటన్ కొన్ని సెకన్లు అదిమి పట్టుకుంటే చాలు. ఎక్స్ అంటే 2005లో ఎక్స్‌బాక్స్ 360తో వచ్చిన ఎక్స్‌ఇన్‌పుట్. ఆ తర్వాతి ఆటలు ఎక్కువగా దాన్నే వింటాయి. అంతకు ముందరి ఆటలకు డీ (డైరెక్ట్‌ఇన్‌పుట్) వైపే ఉంచడం మేలు. డివైస్ మేనేజరులో పసుపు గుర్తు పడితే ఎక్స్‌బాక్స్ 360 డ్రైవరు వేయాలి. స్విచ్చూ మోడూ రెండూ లేని ప్యాడైతే ఎక్స్360సీఈ అనే దుబాసీ ప్రోగ్రామును పెట్టుకోవాలి.

స్విచ్చు మార్చాక వైరు పీకి మళ్లీ గుచ్చాలి, ఆటను మూసి మళ్లీ తెరవాలి. ఈ ఒక్కటీ చదవకుండానే పెనుకొండ వ్యాఖ్యాతలు కొత్త ప్యాడు కోసం బెంగళూరు రైలెక్కారు.