బటన్ తిరోధాన సూత్రం – టీకా తాత్పర్య సహితం

అవతారిక: మామూలు కోటాలో ఒక రైలు టికెట్టు మీద ఆరుగురు ప్రయాణికులకే చోటు, తత్కాల్‌లో నలుగురికే. పెళ్ళికి బయల్దేరిన కుటుంబమైనా ఈ నియమానికి మినహాయింపు కాదు. అందుచేత టికెట్టు పేజీ తయారుచేసేవాడు, ఆరో పేరు పడగానే ‘ప్రయాణికుణ్ణి చేర్చు’ అనే బటన్ మాయమయ్యేలా జావాస్క్రిప్ట్‌లో ఏకవాక్య సూత్రం ఒకటి రచిస్తాడు.

మూలం:

ఇఫ్ (కౌంట్ >= 6) బటన్.స్టైల్.డిస్‌ప్లే = "నన్";

ప్రతిపదార్థం: ఇఫ్ – ఒకవేళ; కౌంట్ – అంతవరకు చేరిన ప్రయాణికుల సంఖ్య; 6 – రైల్వేవారు అనుగ్రహించిన ఆరు అనెడి పరిమితికి; >= – సమానమైనను, మించినను; బటన్.స్టైల్.డిస్‌ప్లే – బటన్ యొక్క వేషమునందు కనబడుట అనెడి గుణము; "నన్" – లేనిది; = – అగుగాక; చివరి సెమికోలన్ – వాక్యం ముగిసినది. ఇక్కడి ‘=’ గుర్తుకు సమానత్వంతో సంబంధం లేదు. కుడిపక్కనున్నదాన్ని ఎడమపక్క పెట్టమని ఆజ్ఞ, అంతే.

తాత్పర్యం: ఆరుగురూ ఎక్కాక ఏడోవాణ్ణి పిలిచే బటన్‌తో పనిలేదు గనుక అది కనుమరుగగుగాక అని భావం.

పాఠాంతరం: కొన్ని ప్రతులలో ‘>=’కు బదులు ‘>’ మాత్రమే కనిపిస్తుంది. అది అపపాఠం. ఆరో ప్రయాణికుడు చేరినప్పుడు ‘ఆరు కంటే ఆరు ఎక్కువా?’ అని యంత్రం ప్రశ్నించుకుని, కాదనుకుని ఊరుకుంటుంది. బటన్ నిలిచే ఉంటుంది. ఏడోవాడు దర్జాగా లోపలికి వచ్చాక అప్పుడు మాయమవుతుంది. దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరగడం ఇదే. ‘> 5’ అనే మరో పాఠం ఫలితంలో నిర్దోషమే గాని, ఐదు ఎక్కడినుంచి వచ్చిందో తర్వాత చదివేవాడికి అంతుపట్టదు.

కౌంట్ పద విచారం: సూత్రంలో అమాయకంగా కనబడే ఈ మాట దగ్గరే ఎక్కువమంది జారిపడతారు. పేజీలోని గడి నుంచి తెచ్చుకున్న విలువ కంటికి అంకెలా కనిపించినా జావాస్క్రిప్ట్‌కు అది అక్షరాల వరుసే. అసలైన అంకెతో పోల్చితే భాషే దాన్ని అంకెగా మార్చుకుని సర్దుకుపోతుంది. పరిమితి కూడా మరో గడిలోంచే వచ్చిందా, రెండూ అక్షరాలే అయి, పోలిక నిఘంటువు వరుసలో సాగుతుంది. పరిమితి "10" అనుకుంటే, "2" దానికంటే పెద్దది. ఎందుకంటే 1 తర్వాత 2 వస్తుంది కదా. పదిమందికి అనుమతి ఉన్న చోట రెండోవాడు చేరగానే బటన్ అంతర్ధానమవుతుంది. తెలుగు అభిమానంతో ఎవరైనా గడిలో ౬ అని రాస్తే మరో చిక్కు. జావాస్క్రిప్ట్‌కు తెలుగు అంకెలు అంకెలు కావు. అది ‘సంఖ్య కానిది’ అని తేల్చేస్తుంది. సంఖ్య కానిది దేనికంటేనూ ఎక్కువ కాదు, తక్కువ కాదు, సమానమూ కాదు. కాబట్టి బటన్ ఎన్నటికీ పోదు.

నన్ పద విచారం: పేజీలో అదృశ్యం త్రివిధం. డిస్‌ప్లే నన్ అయితే బటన్‌తో పాటు దాని చోటు కూడా పోయి, కింది వస్తువులు పైకి జరుగుతాయి. ఇది 1996 నాటి మొదటి సీఎస్ఎస్ ప్రమాణంలోనే ఉంది. 1998 నాటి రెండో ప్రమాణంతో వచ్చిన విజిబిలిటీ హిడెన్‌లో రూపం పోతుంది గాని చోటు ఖాళీగా మిగులుతుంది. మూడోది ఒపాసిటీ సున్నా. ఇందులో రూపం మాత్రమే పోయి చేష్ట మిగులుతుంది: ఏమీ లేదనుకుని వేలు పెడితే బటన్ నొక్కుడుపడి ఏడోవాడు చేరిపోతాడు. ఈ మూడోది ఇక్కడ ఎంతమాత్రం గ్రాహ్యం కాదు.

శంక: ఆరుగురిలో ఒకరు ప్రయాణం మానుకుంటే?

సమాధానం: మూలంలో లేనిది రాయనన్నది వ్యాఖ్యాత మల్లినాథసూరి పెట్టుకున్న నియమం. ఈ సూత్రానికి మాత్రం మూలంలో లేనిదే అసలు దోషం. ఒక పేరు తీసేస్తే కౌంట్ ఐదవుతుంది, షరతు అసత్యమవుతుంది. అసత్యమైనప్పుడు ఏంచేయాలో సూత్రం చెప్పలేదు. పోయిన బటన్ పోయినట్టే ఉంటుంది. బాబాయి బదులు అత్తయ్యను చేర్చుదామంటే దారి లేక, పేజీ మళ్ళీ తెరిచి ఐదుగురి పేర్లూ వయసులూ మొదటినుంచి కొట్టుకోవాలి. అందుచేత పెద్దలు ఆదరించే పాఠం ఇది:

బటన్.హిడెన్ = కౌంట్ >= 6;

ఇందులో ‘ఇఫ్’ లేదు. షరతు నిజమైతే దాగుతుంది, అబద్ధమైతే తిరిగి వస్తుంది; ఒకే వాక్యంలో తిరోధానమూ పునరాగమనమూ. పేరు చేర్చినప్పుడే కాదు, తీసేసినప్పుడు కూడా దీన్ని నడిపించాలి. సూత్రం తనంతట తాను నడవదు.

మరొక శంక: బటన్ దాచితే నియమం కాపాడినట్టేనా?

సమాధానం: కాదు. బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి ఆ ఒక్క ‘నన్’ చెరిపేస్తే బటన్ ప్రత్యక్షం. ఆరుగురిని మళ్ళీ లెక్కపెట్టవలసింది సర్వర్. అక్కడ లెక్క లేని పేజీలో ఈ సూత్రం అలంకారమాత్రం.

సమీప విషయం: ఎక్స్‌లో చందా కట్టనివారి పోస్టుకు పరిమితి 280 అక్షరాలు, 2017కు ముందు 140. పరిమితి దాటినప్పుడు అక్కడ బటన్ పోదు. రంగు వెలిసి, నొక్కినా పలకదు. ఎన్ని ఎక్కువయ్యాయో పక్కన అంకె కనిపిస్తుంది. లెక్కలో మాత్రం తెలుగువాడికి నష్టమే. ‘స్త్రీ’ ఛందస్సులో ఒకే గురువు. యంత్రానికి అది ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. వ్యాకరణం ఏకాక్షరమన్నదానికి ఆరు రుసుములు.

గుణదోష నిర్ణయం: దాచడంలో పేజీకి శుభ్రత ఉంది గాని చదివేవాడికి జవాబు లేదు. ఇందాకటి బటన్ ఏమైందో, తన ఫోను చెడిందో, నెట్ పోయిందో అతనికి తెలియదు. కీబోర్డుతో, స్క్రీన్ రీడర్‌తో పనిచేసేవారికి ఇబ్బంది ఇంకా ఎక్కువ: తాము నిలుచున్న బటనే మాయమైతే ఫోకస్ చెదిరి, పేజీలో ఎక్కడున్నారో వెతుక్కోవాలి. కాబట్టి బటన్‌ను ఉంచి, డిసేబుల్ చేసి, పక్కన ‘ఒక టికెట్టుకు ఆరుగురే, మిగతావారికి ఇంకో టికెట్టు తీసుకోండి’ అని రాయడమే ఉత్తమం. చెప్పి దాచడం మధ్యమం. చెప్పకుండా దాచే ఈ మూలసూత్రం అధమం.