ఉత్తరపారా ఎత్తు

మా అనకాపల్లిలో ఆయన్ని అందరూ ఒరిజినల్ బాబాయ్ అంటారు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట టేపు ఉంటుంది. పెళ్ళికి పిలిస్తే పెళ్ళికూతుర్ని చూడడు. పూలు కట్టిన కారు దగ్గర గొంతుక్కూర్చుని చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డు అంచుదాకా కొలుస్తాడు. నేల నుంచి కొలవొచ్చుగా అంటే జాలిగా చూస్తాడు. "టైరు మార్చినోడు నిన్ను మోసం చేసేస్తాడ్రా!" ఎత్తు తగ్గించిన బండి దొరికిందా, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఎత్తుకుంటాడు. ఈలోగా మన విస్తరి చల్లారిపోతుంది.

ఆయనది అంబాసిడర్ మార్క్ ఫోర్. ఆయన చేతికి రాకముందు ఎవరో కుర్రాడు షోకు కోసం వెనక కమాను కట్టల్లోంచి ఒక పట్టీ పీకేసి, ముందు టార్షన్ బార్లు సడలించి, బండిని నేలకి ఆనించేశాడు. స్పీడ్ బ్రేకర్ వస్తే బండికన్నా ముందు బాబాయ్ మూలిగేవాడు. బెల్లం మార్కెట్ దారిలో సైలెన్సర్ ఊడి పడ్డరోజున శపథం పట్టాడు, పుట్టిన ఎత్తుకి తెస్తానని.

"ఎంతెత్తు లేపమంటారండి?" అన్నాడు మెకానిక్.

"ఉత్తరపారాలో ఎంతుంటే అంత."

"ఆ ఊరు చోడవరం దాటాకాండి?"

అది బెంగాల్లో హిందుస్థాన్ మోటార్స్ ఫ్యాక్టరీ ఉన్న ఊరనీ, 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయిందనీ, ఈ బండికి తాత ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనీ గంటసేపు వంశవృక్షం విప్పాడు. మెకానిక్ రెండు టీలు తాగి, "ఇంతకీ ఎన్నంగుళాలండి?" అన్నాడు.

పని మాత్రం నిష్ఠగా జరిగింది. టార్షన్ బార్లలో ఎడమది కుడికి వేయకూడదని బాబాయ్ రెంటికీ వేర్వేరు రంగు దారాలు కట్టాడు. రబ్బరు బుష్షులు బండి జాకీ మీద ఉండగా మెకానిక్ బిగించబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. చక్రాలు నేలకి దిగి, బరువు పడ్డాకే బిగించాలట. లేకపోతే రబ్బరు మెలిపడి చిరిగిపోతుందట. ఇందులో మాత్రం బాబాయ్‌దే రైటు. కొత్త కట్టలు సర్దుకోవాలని డిక్కీలో వారంరోజులు బెల్లం దిమ్మలు పెట్టాడు. కట్టల మాట దేవుడెరుగు, చీమలు సర్దుకున్నాయి.

ఆఖరికి టేపు ఒప్పుకుంది. బండి నిటారుగా నిలబడింది.

కొత్త అమావాస్యకి పిన్ని, అత్తగారు, ఇద్దరు పిల్లలు నూకాలమ్మ గుడికని పట్టుచీరలూ పరికిణీలూ కట్టుకుని వీధిలోకొచ్చారు. బాబాయ్ తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. "ఇంతమంది ఎక్కితే దిగిపోద్దే!"

వాళ్ళు షేరాటో ఎక్కారు. వెనకాలే ఖాళీ అంబాసిడర్లో బాబాయ్, అంగుళం తగ్గకుండా.

"ఎవరిదమ్మా ఆ కారు? భలేగుంది!" అంది ఆటోలో పక్కావిడ.

పిన్ని కొంగు సర్దుకుని, "ఏమోనమ్మా" అంది.