తోకల పురాణం

2024 నవంబరులో మహీంద్రా కంపెనీ ఒక ఎలక్ట్రిక్ కారుని బయటికి తెచ్చి బీఈ 6ఈ అని నామకరణం చేసింది. పట్టుమని పదిహేను రోజులు తిరక్కుండానే ఇండిగో విమాన సంస్థ ఢిల్లీ హైకోర్టుకెక్కింది. 6ఈ మా విమానాల గుర్తు, మీ కారుకెలా తగిలిస్తారని. కోర్టులో మా వాదన మాదేనంటూనే మహీంద్రా వారు చివరి అక్షరం పీకేసి బీఈ 6తో సరిపెట్టుకున్నారు. నాకైతే వాళ్ళ మీద జాలే కలిగింది. యుద్ధవిమానం కాక్‌పిట్‌ని తలపించే సీటు, పైలట్ చేతిలో ఉండాల్సిన థ్రాటిల్ లాంటి గేరు పిడి, నెత్తిమీద మీటలు, ఇన్ని తెచ్చుకున్నాక పేరు దగ్గర మొహమాటమేమిటి? పంజాగుట్ట సిగ్నల్ దగ్గర మూడోసారి పచ్చలైటు పడినా కదలని మనిషికి థ్రాటిల్ చేతిలో ఉండటం కొంత ఊరటే మరి.

పులిని చూసి నక్క వాత పెట్టుకోవడం కార్ల లోకంలో పాత అలవాటు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికావాళ్ళకి పీ-38 లైట్నింగ్ అని జంట తోకల యుద్ధవిమానం ఉండేది. జనరల్ మోటార్స్‌లో కార్ల రూపురేఖలు తీర్చే హార్లీ ఎర్ల్ కళ్ళు దానిమీద పడ్డాయి. 1948లో ఆ కంపెనీ కాడిలాక్ కారు వెనకాల రెండు బుడిపెలు మొలిచాయి. పక్క కంపెనీలు చూస్తూ కూర్చోలేదు. ఎవరి తోక పొడవైతే వాళ్ళదే మార్కెట్టు. 1959కి వచ్చేసరికి కాడిలాక్ తోక నిటారుగా లేచి, నడుమన రాకెట్ మంటల్లాంటి ఎర్రదీపాలు కూడా తగిలించుకుంది. క్రిస్లర్ వారు ఇంకాస్త తెలివైనవాళ్ళు. ఇది సోకు కాదండీ, పక్కగాలికి బండి తూలిపోకుండా నిలబెట్టే శాస్త్రం అన్నారు. సోకు కోసం డబ్బు తగలేస్తే ఇంట్లో తిడతారు, శాస్త్రం కోసమైతే ఎవరూ అడగరు. 1965లో రాల్ఫ్ నాడర్ కార్ల భద్రత మీద పుస్తకం రాస్తూ, సైకిల్ మీద వచ్చి ఆగి ఉన్న కాడిలాక్ తోకకి గుద్దుకుని చనిపోయిన చిన్నపిల్ల సంగతి చెప్పాడు. అప్పటికే ఫ్యాషన్ మారి తోకలు రాలిపోతున్నాయి. పక్కగాలి మాత్రం ఇప్పటికీ వీస్తూనే ఉంది.

నక్కల సంగతి సరే, పులులేం చేశాయో చూడండి. సెస్నా 172 అని నలుగురు కూర్చునే చిన్న విమానం ఉంది. ప్రపంచంలో దాన్ని మించి అమ్ముడైన విమానం లేదు. గంటకి 200 కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూగా పోతుంది. మొదట్లో దాని తోక నిటారుగా, బుద్ధిగా ఉండేది. 1960 మోడల్‌లో జెట్ విమానంలా వెనక్కి వాల్చేశారు. వెనక్కి వాలిన తోక ధ్వనివేగం దరిదాపుల్లో ఎగిరేవాటికి అవసరం. ఈ విమానం ఆ వేగాన్ని కలలో కూడా చూడదు. వాల్చినందువల్ల చుక్కాని పనితనం కాస్త తగ్గిందనేవాళ్ళూ ఉన్నారు. అయితేనేం, నేలమీద ఆగి ఉన్నప్పుడు కూడా దూసుకుపోతున్నట్టే ఉంటుంది. కొనేవాడు దాన్ని చూసేది నేలమీదే కదా.

పైపర్ కంపెనీ ఇంకో అడుగు వేసింది. కొన్ని పెద్ద జెట్లకి తోక కొసన అడ్డరెక్క ఉంటుందని, 1978లో తన లాన్స్ విమానానికీ దాన్ని అక్కడికే ఎక్కించింది. ఈ చిన్న విమానాలకి ముక్కు దగ్గర పంకా ఉంటుంది, అది తోసే గాలి తోకకి తగిలితేనే టేకాఫ్ సమయంలో ముక్కు తేలిగ్గా లేస్తుంది. తోక రెక్క ఆ గాలికి అందనంత ఎత్తున కూర్చుంటే విమానం రన్‌వే మీద ఇంకొంత దూరం పరిగెత్తాలి. రెండేళ్ళు తిరిగేసరికి సారటోగా అని పేరు మార్చి, రెక్కని గుట్టుచప్పుడు కాకుండా కిందికి దించేశారు. 1947లో వి ఆకారపు తోకతో వచ్చిన బీచ్‌క్రాఫ్ట్ బొనాంజా అందంలో వీటన్నిటికీ అక్క. డబ్బున్న డాక్టర్లు ఎగబడి కొన్నారు. అనుభవం చాలక కూలినప్పుడల్లా నింద తోకమీదికే వచ్చి, దానికి డాక్టర్లని చంపేదని పేరుపడింది. ఆ తోకలో నిజంగానే బలహీనత ఉందని తేల్చి, 1987లో గట్టిపరచమన్నారు, అప్పటికి దాని తయారీ ఆగిపోయి ఐదేళ్ళయింది.

ఇక మన దేశం. అమెరికాలో తోకలు పెంచింది డిజైనర్లయితే, ఇక్కడ తెగ్గోసింది బడ్జెట్టు. 2006లో నాలుగు మీటర్లకి మించని చిన్న ఇంజను కార్లకి ఎక్సైజు సుంకం 24 నుంచి 16 శాతానికి తగ్గింది. అంతే, డిజైనర్ పెన్సిలు పక్కనపెట్టి రంపం పట్టుకున్నాడు. 2008లో టాటా ఇండిగో డిక్కీ తెగింది, 2012లో మారుతి డిజైర్‌ది తెగి 3995 మిల్లీమీటర్ల దగ్గర ఆగింది. మిగిలిన ఆ ఐదు మిల్లీమీటర్లు బహుశా దేవుడికి. 2025 సెప్టెంబరు నుంచి పెట్రోలు, డీజిల్ కార్లకి ఈ నాలుగు మీటర్ల గీత ఇవతల 18 శాతం, అవతల 40 శాతం జీఎస్టీ. మన రోడ్లమీది కార్ల అందానికి అసలు శిల్పి ఎవరంటే నేను ఆర్థికశాఖ పేరే చెబుతాను.

నిజంగా విమానాలు కొనేవాళ్ళు ఏం చూస్తారు? 2023 జూన్‌లో మొదట చెప్పిన ఇండిగో విమాన సంస్థ ఒక్కసారిగా 500 ఎయిర్‌బస్‌లకి ఆర్డరిచ్చింది. అన్నీ ఏ320 కుటుంబానివే. సీటుకి ఇంధనం ఎంత, ఉన్న పైలట్లతో నడుస్తుందా, విడిభాగాలు సరిపోతాయా అన్నదే లెక్క. మనం షోరూంలో సన్‌రూఫ్ తెరిపించి, అందులోంచి బావమరిది కొడుకుని పైకి తీయించి, బుకింగ్ కట్టేస్తాం. డిక్కీలో జాకీ, స్టెప్నీ ఉన్నాయో లేవో పంచరు పడ్డాక తెలుస్తుంది.

విమానంలో నడుం బెల్టు పెట్టుకోకపోతే ఎయిర్ హోస్టెస్ వచ్చి నిలబడుతుంది. ఆ ఒక్కటి మాత్రం మన కాక్‌పిట్‌లోకి రానివ్వలేదు. బెల్టు పెట్టుకోకపోతే కారు కూస్తుందని, ఆ కూత నోరు నొక్కడానికి ఉత్తి క్లిప్పులు కొనుక్కున్నాం. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ కన్నెర్ర చేస్తే ఆన్‌లైన్ దుకాణాలు 13,000కి పైగా అలాంటి ప్రకటనలు తీసేయాల్సి వచ్చింది. దొరక్కుండా కొందరు వాటిని వేరే పేరు పెట్టి అమ్మారు. డ్రైవరు నడుం పక్కన ఉండే ఆ వస్తువుకి వాళ్ళు పెట్టుకున్న పేరు, సీసా మూత తీసే ఓపెనర్.