వాషరోపాఖ్యానం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

ఆదివారం పొద్దున్నే పాత లుంగీ కట్టుకుని, వాకిట్లో బండి పక్కన చతికిలబడి, ఇంజనాయిలు తానే మార్చుకోబోతున్న గృహస్థుణ్ణి చూసి, అతడు ఏది మరచిపోతాడో ముందే కనిపెట్టిన కవి ఈ ఆటవెలదిని చెబుతున్నాడు. కవి పేరు తెలియదు. పద్యానికి అంటిన గ్రీజును బట్టి పండితుడు కాడని కొందరు, ఎక్కడా యతి తప్పకపోవడాన్ని బట్టి మెకానిక్కు కాడని కొందరు. రెండూ అయి ఉండకూడదా అని మా మనవి.

పాత చమురు వంచి బందుగా బిగియించు
వేళ, పాత బిళ్ళ వేయరాదు;
కొత్త రాగి బిళ్ళ కుదురుగా కూర్చున్న
బొట్టు నేల రాలబోదు సుమ్ము.

ప్రతిపదార్థం

పాత చమురు = తిరిగి తిరిగి నల్లబడిన ఇంజనాయిలును; వంచి = ఇంజను అడుగునున్న బోల్టు విప్పి, పాత టబ్బులోకి ధారగా దింపి; బందుగా = గట్టిగా (ఎంత గట్టిగా అన్నది విశేషాలలో చూడుడు); బిగియించు వేళ = ఆ బోల్టును మరల ఎక్కించు సమయమున; పాత బిళ్ళ = బోల్టును అంటిపెట్టుకుని ఊడివచ్చిన వాషరును; వేయరాదు = తిరిగి తొడుగరాదు; కొత్త రాగి బిళ్ళ = ఇంతవరకు ఏ బోల్టు కిందను నలగని రాగి వాషరు; కుదురుగా = మట్టి, ఇసుక లేకుండ తుడిచిన చోట, వంకర లేక; కూర్చున్న = కూర్చున్నయెడల; బొట్టు = ఒక్క చుక్కయైనను; నేల = వాకిటి గచ్చుపై; రాలబోదు = పడబోదు; సుమ్ము = ఇది నిజము.

తాత్పర్యం

ఆయిలు మార్చినప్పుడల్లా వాషరూ మార్చు.

విశేషాలు

‘పాత’ అన్న మాట రెండుసార్లు వచ్చింది కదా, పునరుక్తి దోషం కాదా అని ఆక్షేపణ. కాదు. ఆయిలు పాతబడేది కిలోమీటర్ల లెక్కన. వాషరు పాతబడేది ఒక్క బిగింపుతో. బండి షెడ్డులోంచి కదలకపోయినా సరే, బోల్టు ఒకసారి బిగిసిందంటే దాని కింది వాషరు పాతదే. అందుకు కారణం ఉంది. బోల్టు తలా, ఇంజను అడుగూ కంటికి నున్నగానే ఉంటాయి గానీ, రెండిటి మీదా సన్నని గీతలూ గాట్లూ ఉంటాయి. ఆయిలుకు అంత సందు చాలు. మర ఆపుతుందిలే అనుకోవద్దు. మర అంటే చుట్టలు చుట్టలుగా కిందికి దిగే దారి, ఆయిలు తీరిగ్గా ఆ దారినే దిగివస్తుంది. దాన్ని ఆపవలసింది బోల్టు తల కింద కూర్చున్న ఆ మెత్తని బిళ్ళే. బిగించినప్పుడు అది నలిగి, ఆ గీతల్లోకి తానే సర్దుకుంటుంది. ఒకసారి సర్దుకున్నాక దాని మీద ఆ బిగింపు అచ్చు పడిపోతుంది, పైగా నలిగిన లోహం గట్టిపడుతుంది. మళ్లీ అదే బిళ్ళ వేస్తే, పాత గీతకు ఎదురుగా పాత అచ్చే వచ్చి పడాలి. అలా పడదు.

‘రాగి’ దగ్గర పాఠాంతరం ఉంది. కొన్ని ప్రతులలో ‘కొత్త తెల్ల బిళ్ళ’ అని కనబడుతుంది. తెల్ల బిళ్ళ అనగా అల్యూమినియం వాషరు. గణాలు చెడవు, యతి నిలుస్తుంది, చాలా బండ్లకు కంపెనీ వేసి పంపేదీ అదే. కాబట్టి రెండు పాఠాలూ గ్రాహ్యాలే. బండితో పాటు ఏది వచ్చిందో ఆ పాఠాన్నే అనుసరించాలి.

అయితే రాగి పాఠం వారికి ఒక సౌలభ్యం ఉంది. గట్టిపడిన రాగి బిళ్ళను మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి చల్లారిస్తే మళ్లీ మెత్తబడుతుంది. నీళ్లలో ముంచినా నష్టం లేదు, ఉక్కులాగ రాగి నీటి దెబ్బకు బిరుసెక్కదు. మరి ఇలా కాల్చిన బిళ్ళ వేస్తే ‘పాత బిళ్ళ వేయరాదు’ అన్న నిషేధం తగలదా? తగలదు, అగ్నిపరీక్షకు నిలిచింది గనుక అది కొత్తదే అని ఒక వర్గం. మాకూ సమ్మతమే, పగుళ్లు లేకుండా ఉంటే. తెల్ల బిళ్ళ వారు మాత్రం ఈ ప్రయోగానికి దిగరాదు. అల్యూమినియం 660 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర కరుగుతుంది, కరగబోయే ముందు ఎర్రబడి హెచ్చరించదు. పట్టకారులో ఉన్న వాషరు చూస్తూండగానే ముద్దయిపోతుంది.

ఇక ‘బందుగా’. పద్యానికి ప్రాణం ఇక్కడ ఉంది, గృహస్థులు పద్యాన్ని చంపేదీ ఇక్కడే. కవి ‘బందుగా’ అన్నాడు గానీ ‘బలముకొద్దీ’ అనలేదు. చిన్న మోటారు సైకిళ్లలో 12 మిల్లీమీటర్ల బోల్టుకు సుమారు 25 నుంచి 30 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. అంటే పావు మీటరు పానా చివర పది, పన్నెండు కిలోల బరువు వేలాడదీసినంత. అంతే. పానాకు నీళ్ల గొట్టం తొడిగి, దాని మీద కాలు పెట్టి, ‘హమ్మయ్య’ అనేవాడికి ఎన్ని వందల కిలోలు పడ్డాయో తెలియదు. బోల్టు ఉక్కు. ఇంజను అడుగు అల్యూమినియం. ఈ పోరులో ఓడేది ఎప్పుడూ ఇంజనే.

పాత వాషరు చేసే అసలు అపకారం ఏమిటో ఇప్పుడు బోధపడుతుంది. అది కార్చే చుక్క వల్ల పెద్దగా పోయేదేమీ లేదు, గచ్చు కడుక్కుంటే సరి. కానీ ఆ చుక్క కనబడగానే మనిషి పానా తీస్తాడు. ఇంకొంచెం తిప్పుతాడు. చుక్క ఆగుతుంది. మరుసటి ఆయిలుకు అదే వాషరు, ఇంకొంచెం ఎక్కువ తిప్పుడు. ఇలా జరిగి జరిగి ఒకనాడు పానా హఠాత్తుగా తేలికైపోతుంది. దాన్నే మర పోవడం అంటారు. ఆపైన లేతు పనివాడి దగ్గరికి నడవాలి, లావు బోల్టుకు కొత్త మర కోయించాలి, లేదా పాత మరలో తీగచుట్ట దింపించాలి. టీ ఖరీదుకు అటూ ఇటూ ఉండే బిళ్ళ దగ్గర మిగిల్చినదానికి ఇంత ఫలశ్రుతి.

‘వేయరాదు’ అన్నచోట వీధి చివరి షెడ్డు ప్రతిలో ‘వేయవచ్చు’ అని ఉంది. ఛందస్సుకు భంగం లేదు, భంగమంతా బండికే. ఈ పాఠం ఇన్నాళ్లు ఎలా బతికిందంటే, పాత వాషరు వేసినా ఒకటి రెండు సార్లు చుక్క కారకపోవచ్చు. ఆ మెకానిక్కు రోజూ బోల్టులు బిగించే చేయి గనుక నెట్టుకొస్తాడు. ఏడాదికి రెండు మూడుసార్లు పానా పట్టే చేతికి ఆ పాఠం పనికిరాదు. ఇక వాషరు మానేసి సిలికాన్ గమ్ము పూయమని, టెఫ్లాన్ టేపు చుట్టమని చెప్పే పద్యాలు ప్రక్షిప్తాలు. గమ్ము ముక్కలు లోపల రాలి ఆయిలు జల్లెడకు అడ్డం పడతాయి.

‘కొత్త బిళ్ళ’ అని ఏకవచనం వాడటంలో ఔచిత్యం ఉంది. పాతది ఒక్కోసారి బోల్టుతో ఊడిరాక ఇంజను అడుగుకే కరుచుకుని ఉంటుంది. ఆయిలు మసిలో అది వాషరని కనబడదు. చూసుకోకుండా దాని మీద కొత్తది పెట్టి బిగిస్తే ద్వైతం ఏర్పడుతుంది. ఈ శాస్త్రంలో ద్వైతులకు గచ్చు మీద చుక్కే గతి. గుడ్డతో తుడిచి, వేలితో తడిమి, గోటితో గీకి చూడాలి.

‘సుమ్ము’ అని కవి గట్టిగానే హామీ ఇచ్చాడు గానీ, అది బిళ్ళ వరకే. గేరు రాడ్డు దగ్గరి సీలు చెడి కారితే కవిని తిట్టవద్దు. ఆయిలు పోశాక ఇంజను కాసేపు నడిపి, బోల్టు చుట్టూ పొడిగుడ్డతో తుడిచి, మళ్లీ చూడాలి. చుక్క ఎక్కడ పుట్టిందో అప్పుడు తెలుస్తుంది.

మూలంలో లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అని కోలాచల మల్లినాథ సూరి నియమం పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్యలు రాశాడు. మెదక్ జిల్లా కొల్చారం ఆయన ఊరంటారు. ఆయన నియమంలో మొదటి సగాన్ని ఒక్కచోట మీరుతున్నాం. వంచిన చమురును ఏం చేయాలో కవి చెప్పలేదు. కాలువలో పోయవద్దు. వాడిన ఆయిలు 2016 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. సెంట్రింగు చెక్కలకు పూయడానికి అడిగేవాళ్లు ఉంటారు గానీ, సర్వీసు సెంటరులో వాడిన ఆయిలు తీసుకుంటారేమో ముందు కనుక్కోవాలి.

చదువరులకు మనవి: ఆయిలు డబ్బా కొనేటప్పుడే బండి మోడలు చెప్పి వాషరు అడగండి. రెండు తీసుకోండి. ఒకటి చేయి జారి నల్లటి ఆయిల్లో పడుతుంది.